పరుగు మధ్యలో మా అబ్బాయి పడిపోయాడు. నీరసమేనా, గుండె పరీక్షలు చేయించాలా?

ట్రాక్ అమ్మ:

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. మా అబ్బాయికి 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్. ఎనిమిదో తరగతి నుంచి 800 మీటర్లు పరిగెత్తుతున్నాడు, జిల్లా మీట్‌లో రెండుసార్లు మెడల్ కూడా వచ్చింది. పోయిన శనివారం సాయంత్రం ప్రాక్టీసులో రెండో రౌండు మలుపు తిరుగుతుండగా ఉన్నట్టుండి బోర్లా పడిపోయాడు. కాలు తట్టుకుని పడటం కాదు, చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు, నేరుగా గడ్డం నేలకు తగిలి చీలిపోయింది, మూడు కుట్లు పడ్డాయి. వెనక వస్తున్న పిల్లలు చెప్పినదాన్ని బట్టి అర నిమిషం దాకా పలకలేదట, ఒక చెయ్యి టపటపా కొట్టుకుందట, ఆ తర్వాత తనంతట తనే లేచి కూర్చుని "ఎందుకు ఆపేశారు?" అని అడిగాడట.

కోచ్ గారు పొద్దున్నుంచి సరిగ్గా తిని ఉండడు, ఎండ కూడా ఎక్కువగా ఉంది అన్నారు. కానీ అప్పటికి ఐదున్నర దాటింది, మధ్యాహ్నం నా చేత్తో నేనే అన్నం పెట్టాను. మా ఊరి ఆర్‌ఎంపీ గారు బీపీ చూసి సెలైన్ ఎక్కించి నీరసం అన్నారు. పక్కింటివాళ్లు ఫిట్స్ ఏమో అంటున్నారు. మా అత్తమ్మ దిష్టి తీసింది. వాడు మాత్రం మర్నాటి నుంచి మామూలుగానే ఉన్నాడు, మూడు వారాల్లో సెలెక్షన్స్ ఉన్నాయి, నన్ను గ్రౌండ్‌కి పోనివ్వు అని ఒకటే గొడవ. మా ఆయన కూడా పోనీలే వెళ్లనీ అంటున్నారు. నాకే మనసు ఒప్పుకోవడం లేదు. రోజూ పరిగెత్తే పిల్లాడికి, ఇంత సన్నగా ఉన్నవాడికి గుండె జబ్బు ఉంటుందా? చూపిస్తే ఎవరికి చూపించాలి, ఏ పరీక్షలు అడగాలి? తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి.

సాయి_కబడ్డీ:

అక్కా, అంత టెన్షన్ పడకండి. నేను కూడా డిగ్రీలో ఉన్నప్పుడు కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం 1600 మీటర్లు కొట్టి, లైన్ దాటి ఆగి నిలబడగానే కళ్లు తిరిగి పడ్డాను. నిమ్మకాయ నీళ్లు తాగితే పది నిమిషాల్లో సర్దుకుంది. మళ్లీ ఎప్పుడూ రాలేదు. నీళ్లు బాగా తాగించండి, అరటిపండు పెట్టండి.

పీఈటీ మాస్టారు:

సాయి తమ్ముడూ, నీకు జరిగింది, ఈ అబ్బాయికి జరిగింది ఒకటి కాదు. ఇది అమ్మకి అర్థం కావడం ముఖ్యం కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. నేను 22 ఏళ్లుగా స్కూల్ పిల్లలకి ఆటలు నేర్పిస్తున్నాను, మీ పక్క జిల్లానే.

పరుగు అయిపోయి ఒక్కసారిగా ఆగి నిలబడితే కళ్లు తిరగడం చాలామందికి ఉంటుంది. పరిగెత్తేటప్పుడు కాళ్ల కండరాలే రక్తాన్ని పైకి తోస్తుంటాయి, ఆగగానే ఆ తోపు ఆగిపోతుంది, రక్తం కాళ్లలోనే ఉండిపోయి తలకి తగ్గుతుంది. అందుకే లైన్ దాటాక వెంటనే కూర్చోకండిరా, నడవండిరా అని మేం అరుస్తూ ఉంటాం. అలా పడేవాడికి ముందే కొంచెం తెలుస్తుంది, చెమటలు పడతాయి, చూపు మసకబారుతుంది, కూలబడతాడు. పరుగు నడుస్తుండగా, వేగం మీద ఉన్నప్పుడు, ఏ సూచనా లేకుండా స్విచ్ తీసేసినట్టు పడిపోవడం వేరు. అమ్మా, మీరు రాసిన వాటిలో నన్ను భయపెట్టింది ఆ గడ్డం కుట్లే. స్పృహ ఉన్నవాడు ఎవడైనా పడేటప్పుడు చేతులు ముందుకు చాపుతాడు. మీ వాడు చాపలేదంటే నేలకు తగలకముందే వాడికి స్పృహ లేదన్నమాట.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది. చాలా ఏళ్ల కిందట నా దగ్గర ఖోఖో ఆడే ఒక పిల్లాడు ఆట మధ్యలో ఆగిపోయి గొంతు దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. అడిగితే "ఇక్కడ కొట్టుకుంటోంది సార్" అనేవాడు. బద్ధకం అనుకుని ఎండలో ఇంకో రెండు రౌండ్లు పరిగెత్తించాను. ఒకసారి కాదు, ఆ సీజన్ అంతా. తర్వాత వాళ్ల మేనమామ పట్టుబట్టి ఈసీజీ తీయిస్తే గుండెలో పుట్టుకతోనే ఒక అదనపు కరెంటు దారి ఉందని తేలింది. తొడ దగ్గర నుంచి వైరు పంపి ఆ దారిని కాల్చేశారు, ఇప్పుడు పిల్లల తండ్రి, బాగున్నాడు. కానీ నేను పరిగెత్తించిన ఆ రోజుల్లో ఏదైనా జరిగి ఉంటే? అప్పటి నుంచి ఏ పిల్లాడైనా ఛాతీ పట్టేస్తోంది అన్నా, గుండె అడ్డదిడ్డంగా కొట్టుకుంటోంది అన్నా, తోటివాళ్లకంటే ముందే ఆయాసం వస్తోంది అన్నా ఆ రోజుకి ఆట బంద్, ముందు వాళ్ల అమ్మానాన్నలకి ఫోన్.

మీరు రెండు విషయాలు చెప్పండి. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా పడ్డాడా, లేకపోతే ఛాతీ గురించి ఏమైనా అన్నాడా? మీ ఇళ్లలో, అటు మీ వైపు గానీ మీ ఆయన వైపు గానీ, చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? గుండెపోటే కానక్కర్లేదు, కారణం తెలియకుండా పోయినవాళ్లయినా సరే.

ట్రాక్ అమ్మ:

మాస్టారూ, మీరు అడిగాక కూర్చోబెట్టి మెల్లగా అడిగాను. పోయిన ఏడాది వాగులో ఈత కొడుతుంటే ఒకసారి "అంతా నల్లగా అయిపోయింది, మా ఫ్రెండ్ జుట్టు పట్టుకుని లాగాడు" అని ఇప్పుడు చెప్పాడు. తిడతామని అప్పుడు ఇంట్లో చెప్పలేదట. నాకు చేతులు వణికాయి.

ఇంట్లో అంటే, మా చిన్న మరిది 24 ఏళ్లకి చెరువులో మునిగి పోయాడు. మా పెళ్లయిన మరుసటి ఏడాది. అందరూ అనుకున్నది ఒకటే, అంత ఈత వచ్చినవాడు, చెరువుకి అడ్డంగా రెండుసార్లు పోయి వచ్చేవాడు, ఎలా మునిగాడు అని. దాన్ని గుండె జబ్బుతో ఎప్పుడూ కలిపి ఆలోచించలేదు. కలపాలా?

కార్డియో డాక్టర్:

కలపాలమ్మా. తప్పకుండా కలపాలి. నేను గుండె విభాగంలో పనిచేస్తాను. ఇక్కడి నుంచి జబ్బు పేరు చెప్పేయడం తప్పు, చెప్పను కూడా, కానీ మీరు రాసిన మూడు ముక్కలు, పరుగులో పడటం, ఈతలో కళ్లు చీకట్లు కమ్మడం, ఈత బాగా వచ్చిన బాబాయి నీళ్లలో పోవడం, ఒకచోట పెట్టి చూస్తే ఏ గుండె డాక్టరూ "రేపు చూద్దాం" అనడు. పరీక్షలు అయ్యేదాకా పరుగు లేదు, ఈత లేదు, సైకిల్ పోటీలు లేవు. బతిమాలినా లేదు. సెలెక్షన్స్ వచ్చే ఏడాది కూడా వస్తాయి.

ముప్పై అయిదేళ్ల లోపు ఆటగాళ్లలో కనిపించే గుండె జబ్బులు ఎక్కువగా పుట్టుకతో వచ్చిన తేడాలు. గుండె గోడ మందంగా పెరగడం, గుండెలో కరెంటు నడకలో లోపం, రక్తనాళం పుట్టాల్సిన చోట కాకుండా వేరే చోట నుంచి పుట్టడం, ఇలాంటివి. గోడ మందంగా ఉండే జబ్బు అయిదు వందల మందిలో ఒకరికి ఉంటుందని లెక్క, అంటే అంత అరుదేం కాదు, చాలామందికి తెలియకుండానే జీవితం గడిచిపోతుంది. 2003లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఆట మధ్యలో ఎవరూ తగలకుండానే పడిపోయి చనిపోయిన కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోకి ఉన్నది అదే.

నేను మా జూనియర్లకి ఎప్పుడూ చెప్పేది హ్యాంక్ గేదర్స్ సంగతి. అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్‌లో పెద్ద స్టార్. 1989 డిసెంబర్‌లో కోర్టులోనే స్పృహ తప్పి పడ్డాడు, గుండె లయలో తేడా ఉందని తేలింది, మందులు ఇచ్చారు, మళ్లీ ఆటలోకి వచ్చాడు. 1990 మార్చి 4న మరో మ్యాచ్‌లో బంతిని బుట్టలో వేసి వెనక్కి వస్తూ పడిపోయాడు, ఆ రోజే పోయాడు. 23 ఏళ్లు. మొదటిసారి పడి లేచాడు కదా, ఇక బాగానే ఉన్నాడు అనుకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి నాకు ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు. లేచి కూర్చున్నాడంటే లయ దానంతటదే సరైందని అర్థం. వచ్చేసారి కూడా సరవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఫిట్స్ అన్నారట కదా. గుండె కొద్దిసేపు సరిగ్గా పంపు చేయకపోతే మెదడుకి రక్తం అందక చేతులు కాళ్లు కొట్టుకుంటాయి, చూసేవాళ్లకి అచ్చం ఫిట్స్‌లాగే ఉంటుంది. అలా ఏళ్ల తరబడి మూర్ఛ మందులు మింగుతూ, ఎవరూ ఈసీజీ తీయక, చివరికి మా దగ్గరికి వచ్చిన పిల్లలున్నారు. అసలైన ఫిట్స్ తర్వాత మనిషి చాలాసేపు మత్తుగా, అయోమయంగా ఉంటాడు. మీవాడు లేవగానే "ఎందుకు ఆపేశారు" అన్నాడు. ఆ తేడా వెళ్లినప్పుడు డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, ఆ సమయంలో పక్కన ఉన్న పిల్లాడిని కూడా తీసుకెళ్తే ఇంకా మంచిది, పడిన పిల్లాడికి ఏమీ గుర్తుండదు.

పరీక్షలంటారా, ముందు ఈసీజీ. కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది, జిల్లా ఆసుపత్రిలో కూడా తీస్తారు, కానీ చదవాల్సింది గుండె డాక్టరు. దానితో పాటు ఎకో, అంటే గుండెకి తీసే స్కానింగ్. ఆ తర్వాత అవసరాన్ని బట్టి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి చూడటం, 24 గంటలు ఛాతీకి కట్టి ఉంచే హోల్టర్ అనే చిన్న ఈసీజీ మెషీన్. ఒక్క ఈసీజీ మామూలుగా వచ్చిందని సంబరపడి ఆపేయకండి, కొన్ని లోపాలు విశ్రాంతిలో కనిపించవు, గుండె వేగం పెరిగినప్పుడే బయటపడతాయి. ఇంకో చిక్కు, రోజూ పరిగెత్తేవాళ్ల గుండె సహజంగానే కొంచెం పెద్దగా ఉంటుంది, నాడి నిమిషానికి 50 కంటే తక్కువ కొట్టుకోవచ్చు, గోడ 12 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు, అది జబ్బు కాదు. 15 దాటితే జబ్బే అనుకుంటాం, మధ్యలో ఉన్నవే మాకు తలనొప్పి. అందుకని వాడు ఎన్నాళ్లుగా, వారానికి ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తుతున్నాడో రాసుకుని వెళ్లండి.

మరో మాట, మీ ఆయనకీ, మిగతా పిల్లలకీ కూడా ఈసీజీ తీయించండి. ఇవి రక్తసంబంధంలో వచ్చేవి. మన దగ్గర హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు భాగమైన ఒక పరిశోధన 2009లో వచ్చింది, గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు తగ్గిన మార్పు మన ఉపఖండంలో దాదాపు నూటికి నలుగురిలో ఉందని. వాళ్లలో చాలామందికి నడివయసు దాకా ఏమీ తెలియదు. మీ ఇంట్లో ఉన్నది అదే అని నేను అనడం లేదు, గుండె జబ్బు అంటే లావుగా ఉండి సిగరెట్ తాగేవాళ్లకే అన్న మాట ఎంత తప్పో చెప్పడానికి రాస్తున్నాను.

పొద్దున్నే పరుగు:

డాక్టర్ గారు చిన్నవాళ్ల సంగతి చెప్పారు. ఈ చర్చ చదివే పెద్దవాళ్ల కోసం నాదీ రాస్తాను. నాకు 47. హైదరాబాద్‌లో ఉంటాను, పదేళ్లుగా పరుగు, హాఫ్ మారథాన్లు ఎన్ని చేశానో లెక్కలేదు. రెండేళ్ల కిందట రోజూ ఎక్కే ఫ్లైఓవర్ దగ్గర ఛాతీ మధ్యలో మంట మొదలయ్యేది, సరిగ్గా ఎక్కేటప్పుడే, ఆగితే రెండు నిమిషాల్లో పోయేది. ముందురోజు రాత్రి బిర్యానీ తిన్నాను కదా, గ్యాస్ అనుకున్నాను. మూడు వారాలు గ్యాస్ టాబ్లెట్లు మింగాను. అదే రోడ్డు, అదే ఎత్తు, నా కిలోమీటర్ టైం నిమిషం పెరిగింది, అయినా వయసు అనుకున్నాను. ఒకరోజు మంట కింది దవడ దాకా పాకింది, పంటి నొప్పి అనుకుని పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆమె పన్ను చూసి "మీ పంటికి ఏమీ లేదు, ముందు ఈసీజీ తీయించుకోండి" అని వెనక్కి పంపింది. ఆంజియోలో ముఖ్యమైన నాళంలో 90 శాతం బ్లాక్. స్టెంట్ వేశారు. ఆ పళ్ల డాక్టరమ్మకి ప్రతి దసరాకీ స్వయంగా వెళ్లి జమ్మి ఆకు ఇచ్చి దండం పెట్టి వస్తాను.

గ్యాస్ నొప్పి ఫ్లైఓవర్ ఎక్కితే రావడం, దిగితే పోవడం ఉండదు. శ్రమతో వచ్చి విశ్రాంతితో తగ్గే ఏ మంటైనా, బరువైనా, పట్టేసినట్టున్నా గుండెదే అనుకుని ముందు చూపించుకోండి. ముప్పై అయిదు దాటాక మనకి వచ్చేది ఎక్కువగా ఈ బ్లాకులే. కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబర్ 29న పోయినప్పుడు 46 ఏళ్లు, ఎంత ఫిట్‌గా ఉండేవాడో అందరికీ తెలుసు. వ్యాయామం మంచిదే, నేను ఇప్పటికీ పరిగెత్తుతున్నాను, కానీ అది కొలెస్ట్రాల్‌కీ, షుగర్‌కీ, నాన్నగారికి 50కే గుండెపోటు వచ్చిందన్న చరిత్రకీ రద్దు చీటీ కాదు. ఇంకొకటి, జ్వరం వచ్చి తగ్గిన వారంలోనే పోటీలకు వెళ్లే తమ్ముళ్లు ఉన్నారు, దయచేసి ఆగండి.

కార్డియో డాక్టర్:

జ్వరం సంగతి బాగా గుర్తుచేశారు అన్నా. వైరల్ జ్వరాలు కొందరిలో గుండె కండరానికి వాపు తెస్తాయి, ఆ వాపు మీద గట్టిగా పరిగెత్తితే లయ తప్పుతుంది. వాపు ఉందని తేలినవాళ్లకి మూడు నుంచి ఆరు నెలలు ఆట వద్దంటాం. జ్వరం తగ్గినా మెట్లు ఎక్కితే ఆయాసం, ఛాతీలో నొప్పి, పడుకున్నప్పుడు గుండె దడదడ ఉంటే గ్రౌండ్‌కి వెళ్లే ముందు మా దగ్గరికి రండి.

ట్రాక్ అమ్మ:

అందరికీ దండాలు. నిన్న ఖమ్మంలో గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఎకో బాగానే ఉంది. ఈసీజీలో మాత్రం క్యూటీ అనేది 490 మిల్లీసెకన్లు వచ్చిందట, ఎక్కువ పొడుగు ఉందన్నారు. నాకు కాగితం చూపించి, ఈ కొండ నుంచి ఈ దిబ్బ అయిపోయేదాకా ఉండే దూరం చూడమ్మా, గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ ఛార్జ్ అవడానికి ఎక్కువ సమయం తీసుకుంటోంది అని పెన్నుతో గీసి చెప్పారు. మా ఆయనది కూడా తీశారు, ఆయనది 470. గదిలో ఆయన ఏమీ మాట్లాడలేదు, బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుని "తమ్ముడిది కూడా ఇదేనేమో" అన్నారు, ఇరవై ఏళ్లకి మొదటిసారి తమ్ముడి గురించి ఏడ్చారు. హైదరాబాద్‌కి రాసిచ్చారు, సోమవారం వెళ్తున్నాం. రోజూ వేసుకోమని ఒక మాత్ర మొదలుపెట్టారు.

అబ్బాయి మాత్రం మాట్లాడటం లేదు. స్పైక్స్ బూట్లు మంచం కిందికి తోసేశాడు.

కార్డియో డాక్టర్:

అమ్మా, మంచి పని చేశారు. మగపిల్లల్లో అది 450 లోపు ఉండాలి. ఆ మాత్ర ఒక్క రోజు కూడా మానొద్దు, బాగానే ఉన్నాడు కదా అని మీరే ఆపొద్దు. ఇంకా ముఖ్యమైంది, ఈ లోపం ఉన్నవాళ్లకి కొన్ని మామూలు మందులే ప్రమాదం. జలుబుకీ దగ్గుకీ మందుల షాపులో అడిగి కొనుక్కునే అజిత్రోమైసిన్, వాంతులకి వేసే ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా అందులో ఉన్నాయి. ఆర్‌ఎంపీ గారికీ, మందుల షాపు అతనికీ ఇద్దరికీ చెప్పి ఉంచండి, అబ్బాయి పర్సులో ఒక కాగితం మీద రాసి పెట్టండి. విరేచనాలు, వాంతులు ఎక్కువైతే ఇంట్లో ఉంచొద్దు, ఒంట్లో పొటాషియం తగ్గితే లయ ఇంకా దెబ్బతింటుంది. ఈత ఒంటరిగా ఎప్పటికీ వద్దు. మిగతా ఆటల మాట హైదరాబాద్‌లో వాళ్లు అన్నీ చూసి చెప్తారు, ఇప్పుడే అంతా అయిపోయిందని పిల్లాడితో అనొద్దు.

పీఈటీ మాస్టారు:

అబ్బాయికి క్రిస్టియన్ ఎరిక్సెన్ సంగతి చూపించండి అమ్మా, ఫోన్‌లో దొరుకుతుంది. డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు, 2021 జూన్ 12న ఫిన్లాండ్‌తో మ్యాచ్‌లో గుండె ఆగి పడిపోయాడు, మైదానంలోనే ఛాతీ నొక్కి, షాక్ ఇచ్చి బతికించారు. లయ తప్పితే దానంతటదే షాక్ ఇచ్చే చిన్న మెషీన్ ఛాతీలో పెట్టారు, ఇటలీ లీగ్‌లో దానితో ఆడనివ్వరు కాబట్టి ఇంగ్లండ్ వెళ్లి ఆడాడు, 2024 యూరో కప్‌లో మళ్లీ డెన్మార్క్ తరఫున గోల్ కొట్టాడు. మీవాడికీ అలాగే అవుతుందని నేను మాట ఇవ్వలేను, అది డాక్టర్లు చెప్పాలి. కానీ స్పైక్స్ ఇంకా పారేయొద్దని చెప్పండి. ఈలోగా మీ కోచ్‌ని అడిగి వాడి చేతికి స్టాప్‌వాచ్ ఇప్పించండి. 800 మీటర్లు తెలిసినవాడు టైం తీస్తే చిన్నపిల్లలకి చాలా పనికొస్తుంది, వాడికీ గ్రౌండ్ దూరం కాదు.

ఎరిక్సెన్ బతికింది పక్కనున్నవాళ్లు క్షణం ఆగకపోవడం వల్ల. 2024 జూన్ 30న ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో జూనియర్ బ్యాడ్మింటన్ ఆడుతూ పడిపోయి చనిపోయిన చైనా పిల్లాడు ఝాంగ్ ఝిజీకి 17 ఏళ్లే, రిఫరీ పిలిస్తేగానీ వైద్య సిబ్బంది కోర్టులోకి రాకూడదన్న నిబంధన ఉండటంతో విలువైన సెకన్లు పోయాయి. ఆ వీడియో చూశాక నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. గుండె ఆగినవాడికి నిమిషం ఆలస్యమైతే బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది తగ్గిపోతుంది, 108 ఎంత తొందరగా వచ్చినా ఆ నిమిషాలు మనవే. పడ్డవాడు పిలిస్తే పలకకుండా, చేప నోరు తెరిచినట్టు అప్పుడొకటి అప్పుడొకటి గుటకలు వేస్తుంటే దాన్ని ఊపిరి అనుకోవద్దు, మూతిలో నీళ్లు పోయొద్దు, చేతిలో తాళాల గుత్తి పెట్టొద్దు. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులు పెట్టి 5 సెంటీమీటర్లు లోపలికి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఎవరైనా వచ్చేదాకా నొక్కుతూనే ఉండాలి.

ఈ ఆదివారం మా స్కూల్ గ్రౌండ్‌లో పిల్లలకీ తల్లిదండ్రులకీ ఇది బొమ్మ మీద నేర్పిస్తున్నాం, ఒక నర్సమ్మ వస్తున్నారు. మీ కోచ్ గారిని కూడా తీసుకురండి, ఆయన మీద కోపం పెట్టుకోకండి, నేనూ ఒకప్పుడు ఆయనలాగే ఉన్నాను.

ట్రాక్ అమ్మ:

కోచ్ గారికి ఇప్పుడే ఫోన్ చేశాను మాస్టారూ, వస్తామన్నారు. మా ఆయనా, నేనూ, అబ్బాయీ వస్తాం, వాడితో పరిగెత్తే ఆ నలుగురు పిల్లల్ని కూడా ఆటోలో ఎక్కించుకుని వస్తాం. ఎన్నింటికి ఉండాలో చెప్పండి.